అటక మీది అట్టపెట్టె

2025 నవంబరులో ఒకరోజు పొద్దున్నే, ఫిల్టరులో డికాక్షను ఇంకా దిగకముందే, అమెరికా నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. వేళగాని వేళ ఫోనంటే నాకు గుండె ఝల్లుమంటుంది. “ఏరా, అందరూ కులాసాయేనా?” అన్నాను. వాడు దానికి జవాబైనా చెప్పకుండా, “అమ్మా, మన పాతింట్లో అటక మీద నా అట్టపెట్టె ఉండాలి, ఏం చేశావ్?” అన్నాడు.

యాభై దాటిన మనిషి తల్లిని అడగవలసిన ప్రశ్నేనా అది! ఆ పెట్టెలో ఏముండేవో నాకు బాగానే గుర్తు. ఫాంటమ్, మాండ్రేక్ ఉండే ఇంద్రజాల్ కామిక్స్. బెజవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపుల చుట్టూ తిరిగి, బేరమాడి కొనుక్కొచ్చి, నంబర్ల వారీగా సర్దుకునేవాడు. వాడు ఇంజనీరింగులో చేరి హాస్టలుకి వెళ్ళాక మేం ఇల్లు మారవలసివచ్చింది. సామాను తగ్గించుకుందామని పాత కాగితాలవాణ్ణి పిలిచి అన్నీ తూకానికి వేసేశాను. ఎంతొచ్చిందో గుర్తు లేదు గానీ, ఆ డబ్బుతో ఇడ్లీ రేకులు కొన్నట్టు గుర్తు. కాసేపు నీళ్ళు నమిలి, ఉన్నమాట చెప్పేశాను.

వాడు పెద్దగా నిట్టూర్చి, “నిన్నని ఏం లాభంలే అమ్మా! అమెరికాలో అమ్మలందరూ చేసిన పనే నువ్వూ చేశావ్” అన్నాడు. ఇంతకీ సంగతేమిటంటే, 1939లో పది సెంట్లకి అమ్మిన ‘సూపర్‌మాన్’ బొమ్మల పుస్తకం మొదటి సంచిక, ఆ వారం వేలంలో 91 లక్షల 20 వేల డాలర్లకి పోయిందట. మన లెక్కలో సుమారు 80 కోట్ల రూపాయలు!

కోట్ల మాట ఎలా ఉన్నా, ఆ “అమ్మలందరూ” అన్న మాట నాకు గుచ్చుకుంది. అక్కడ ఈ పాత పుస్తకాలు కొని అమ్మేవాళ్ళలో ఇదొక సామెతలా వాడుకలో ఉందిట. “నా దగ్గరా ఉండేవి, మా అమ్మ పారేసింది” అని. ఒకడా ఇద్దరా, రెండు తరాల మగపిల్లలు పెద్దవాళ్ళయి, తాతలై కూడా ఇదే మాట. సరే, ఆ అమ్మలేం చేశారో, ఎందుకు చేశారో చూద్దామని దొరికినవన్నీ చదవడం మొదలుపెట్టాను. మా వారు మాత్రం, “నేరం చేసినవాళ్ళే కేసు విచారిస్తారన్నమాట” అని పేపరు వెనక నుంచి ఒక విసురు విసిరారు.

అసలు కథ ఒక అమ్మ రొట్టెల పీట మీద మొదలైంది. క్లీవ్‌లాండ్ అనే ఊళ్ళో జెర్రీ సీగెల్, జో షుస్టర్ అని ఇద్దరు కుర్రాళ్ళు. ఇద్దరూ 1914లో పుట్టినవాళ్ళే, వలస వచ్చిన యూదు కుటుంబాలవాళ్ళే. జెర్రీ కథ రాసేవాడు, జో బొమ్మ వేసేవాడు. అమెరికాలో పనులు లేక జనం అల్లాడుతున్న రోజులవి. 1932లో జెర్రీ తండ్రి తన పాతబట్టల కొట్లో దొంగలు పడ్డ సమయాన గుండె ఆగి చనిపోయాడు. తుపాకి గుండు తాకినా చెక్కు చెదరని మనిషిని ఆ పిల్లవాడు ఎందుకు ఊహించాడో వేరే చెప్పాలా అని నాకనిపిస్తుంది. అటు జో ఇంట్లోనూ అంతంతమాత్రమే. బొమ్మలు వేసుకోవడానికి బల్ల లేక, వాళ్ళమ్మ రొట్టెల పిండి పిసికే చెక్కపీట తీసుకుని దానిమీద వేసేవాడు. వారానికోసారి వాళ్ళ పండుగరోజు రొట్టె చెయ్యడానికి ఆవిడకి పీట కావాలి. ఆ పూట సూపర్‌మాన్ దిగి పక్కన కూర్చోవలసిందే!

ఏళ్ళ తరబడి పత్రికలన్నీ తిప్పి పంపేశాక, 1938 మార్చిలో ఒక ప్రచురణకర్త ఆ కథని కొన్నాడు. ఎంతకనుకున్నారు? 130 డాలర్లకి. బొమ్మకీ కథకీ మాత్రమే కాదు, ఆ వీరుడి మీద సర్వహక్కులకీ కలిపి. ఇద్దరూ చెరి 65 డాలర్లు పంచుకున్నారు. ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికగా ఆ పుస్తకం 1938 ఏప్రిల్‌లో బజారులోకి వచ్చింది. అట్ట మీద జూన్ అని ఉంటుంది, ధర 10 సెంట్లు. ఆకుపచ్చ కారుని నెత్తికెత్తి బండకేసి కొడుతున్న సూపర్‌మాన్ బొమ్మ. దాదాపు రెండు లక్షల ప్రతులు వేశారంటారు. ఇప్పుడు మిగిలినవి వంద దాకా ఉంటాయని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళ అంచనా.

మిగతావన్నీ ఏమైపోయాయి? అమ్మలు పారేశారనే ముందు ఒకటి చెప్పుకోవాలి. అవి దాచుకునే పుస్తకాలు కావు. అన్నిటికన్నా చవక రకం న్యూస్‌ప్రింటు మీద వేసి, రెండు పిన్నులు కొట్టి వదిలేవారు. చెక్కగుజ్జుతో చేసిన ఆ కాగితంలోనే పులుపు ఉంటుంది. ఎవరూ ముట్టుకోకపోయినా దానంతటది పచ్చబడి, గోధుమరంగుకి తిరిగి, ఆఖరికి అప్పడంలా పెళపెళమని విరుగుతుంది. అమ్ముడుపోని ప్రతుల అట్టలు పైన చించి ఆ ముక్క మాత్రం కంపెనీకి పంపితే దుకాణదారుకి డబ్బు వాపసు. ఇక కొన్న పిల్లలు వాటిని మడిచి నిక్కరు జేబులో దోపుకునేవాళ్ళు, ఒకరి దగ్గర ఒకరు మార్చుకునేవాళ్ళు, అట్ట మీద పేరు రాసుకునేవాళ్ళు. అంటే అమ్మ చేతికి వచ్చేసరికే సగం చచ్చిన పుస్తకం అది.

తరవాత యుద్ధం వచ్చింది. 1942 నుంచి అమెరికాలో ఊరూరా పాత కాగితం పోగుచేసే ఉద్యమం. సైన్యానికి పంపే సరుకుల పెట్టెలకీ అట్టలకీ కాగితం కావాలి. పిల్లలే బొమ్మబళ్ళు లాగుతూ ఇంటింటికీ తిరిగి పాత పత్రికలు అడిగి తెచ్చేవారు. కామిక్ పుస్తకాల్లోనే ‘పాత కాగితం ఇవ్వండి’ అని విజ్ఞప్తులు వేసేవాళ్ళట. సూపర్‌మాన్ తన పుస్తకాన్ని తానే తూకానికి వెయ్యమన్నట్టే కదా! అన్న, బాబాయి సైన్యంలో ఉన్న ఇంట్లో మంచం కింద పుస్తకాల కట్ట కనిపిస్తే ఏ తల్లి దాచమంటుంది చెప్పండి?

అసలు పెద్ద దెబ్బ ఆ తరవాతది. యుద్ధం అయ్యాక కామిక్స్‌లో హత్యలు, నెత్తురు, భయానక కథలు ఎక్కువయ్యాయి. వీటివల్లే పిల్లలు చెడిపోతున్నారన్న అలజడి మొదలైంది. 1948 అక్టోబరులో వెస్ట్ వర్జీనియాలో స్పెన్సర్ అనే చిన్న ఊళ్ళో బడిపిల్లలు రెండువేల దాకా పుస్తకాలు పోగేసి, బడి ఆవరణలోనే మంట పెట్టారు. డిసెంబరులో న్యూయార్కు రాష్ట్రంలోని బింగమ్టన్‌లో అదే పని. హిట్లరు పుస్తకాలు తగలబెట్టించాడని యుద్ధం చేసి వచ్చి నాలుగేళ్ళయినా కాలేదు! అలా అన్నవాళ్ళు అక్కడా లేకపోలేదు గానీ, వాళ్ళ మాట వినేవాళ్ళు తక్కువ.

ఈ మంటకి గాలి ఊదినవాడు ఫ్రెడరిక్ వెర్తమ్ అనే మానసిక వైద్యుడు. పెద్దమనిషి కాడని చెప్పడానికి లేదు. న్యూయార్కులో హార్లెమ్‌లో 1946లో నల్లవారి కోసం అతి తక్కువ రుసుముతో వైద్యశాల పెట్టినవాడు. అలాంటివాడు చెబితే ఎవరు నమ్మరు? ఆయన వ్యాసం 1953 నవంబరులో ఎక్కడ వచ్చిందో చూశారూ — ‘లేడీస్ హోమ్ జర్నల్’లో. అంటే మీరూ నేనూ చదువుకునే ఇలాంటి పత్రికలోనే అన్నమాట. కామిక్ పుస్తకాల గురించి తల్లిదండ్రులకి తెలియనిదేమిటో చెబుతానని దాని శీర్షిక సారాంశం. మరుసటేడు ఆయన పుస్తకం వచ్చింది, ఏప్రిల్లో సెనేటు వాళ్ళు విచారణ పెట్టారు, టీవీలో కూడా చూపించారు. అక్టోబరుకల్లా ప్రచురణకర్తలు భయపడి, ఫలానావి వెయ్యమని తమకి తామే కట్టుబాట్లు రాసుకున్నారు.

డాక్టరు గారు, నలుగురు పెద్దలు, మనం నమ్మే పత్రిక, అందరూ ఏకకంఠంతో “నీ పిల్లవాడి మంచం కింద విషం ఉందమ్మా” అంటే ఆ తల్లి ఏం చేస్తుంది? నేనైతే ఆ మధ్యాహ్నమే బాయిలరులో పడేసి నీళ్ళు కాచేదాన్ని. దాచుకోవడానికి ఇందులో ఏముంది?

ఈ సంగతికి కొసమెరుపు ఒకటుంది. వెర్తమ్ కాగితాలన్నీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రపరిచారు. 2010లో వాటిని పరిశోధకులకి తెరిచారు. కరోల్ టిల్లీ అనే గ్రంథాలయశాస్త్ర అధ్యాపకురాలు కూర్చుని, ఆయన చేతిరాత నోట్సునీ అచ్చయిన పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చదివింది. పిల్లల మాటల్ని ఆయన అటూ ఇటూ మార్చాడనీ, వేరువేరు పిల్లలు చెప్పినవి ఒకరివే అన్నట్టు కలిపాడనీ, తన వాదానికి అడ్డమొచ్చినవి వదిలేశాడనీ 2012లో బయటపెట్టింది. అప్పటికి అరవై ఏళ్ళయిపోయింది. బూడిద మళ్ళీ పుస్తకం కాదు కదా.

ఈలోగా, తల్లులు పారేసిన ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఉద్యోగాల్లో చేరారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక చిన్నప్పటి పుస్తకాలు మళ్ళీ కావాలనిపించింది. 1961లో కొందరు అభిమానులు సొంత డబ్బుతో చిన్న చిన్న పత్రికలు వేసుకుని, నా దగ్గర ఫలానాది ఉంది, నీ దగ్గర ఏముంది అని ఉత్తరాలు నడుపుకునేవారు. 1964లో న్యూయార్కులో ఇలాంటివాళ్ళంతా మొదటిసారి సమావేశమయ్యారు. అప్పటిదాకా ఎవరికి తోచిన ధర వారిది. 1970లో టెనెసీ రాష్ట్రంలో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన ప్రతి పుస్తకానికీ ధర రాసి ఒక పట్టిక అచ్చు వేశాడు. దాంతో పిచ్చి కాస్తా వ్యాపారమైంది. ఆయన ఉన్న ఊరి పేరూ క్లీవ్‌లాండే! ఆ మొదటి పట్టికలో ‘యాక్షన్’ మొదటి సంచిక ధర 300 డాలర్లు. మూడేళ్ళకే ఒక కుర్రాడు 1,800 డాలర్లకి పైగా పోసి కొంటే, మతిపోయిందన్నట్టు పత్రికలు రాశాయి.

1977లో కొలరాడోలో డెన్వర్ ఊళ్ళో ఒక సంఘటన జరిగింది. ఎడ్గర్ చర్చ్ అని ప్రకటనలకి బొమ్మలు వేసే చిత్రకారుడు. వేల సంఖ్యలో కామిక్స్ కొని, ఇంటి నేలమాళిగలో నిటారుగా దొంతర్లు పేర్చుకున్నాడు. ఆయన ముసలితనంలో మంచాన పడితే ఇంటివాళ్ళు ఆ గది ఖాళీ చేసే పనిలో పడ్డారు. కొన్ని చెత్తలోకి వెళ్ళబోతున్న తరుణంలో చక్ రొజాన్స్కీ అనే కుర్ర వ్యాపారికి కబురు అందింది. వెళ్ళి చూస్తే ఏముంది, నలభై ఏళ్ళ నాటి కాగితం తెల్లగా మల్లెపువ్వులా ఉంది! ఆ ఊరిది పొడి గాలి, గది చల్లన, దొంతర బరువుకి లోపలికి గాలి వెళ్ళలేదు. ఇప్పటికీ “చర్చ్ గారి ప్రతి” అంటే ఆ పేరుకే ధర రెట్టింపూ ఆ పైనా పలుకుతుంది.

ఇక కొనడం అమ్మడం సంగతి. మన పట్టుచీర వ్యవహారంలాగే ఉంటుంది. మడత నలిగిందా, అంచు చెక్కు చెదిరిందా, మరక పడిందా? 2000 నుంచీ దీనికో కంపెనీ వచ్చింది. పుస్తకం పంపితే పేజీ పేజీ చూసి, పదికి ఇన్ని మార్కులని వేసి, గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి సీలు వేసి పంపుతారు. ఇక తెరవకూడదు. చదవడానికి వీల్లేని పుస్తకం పుస్తకమేమిటో నాకు బోధపడలేదు గానీ, బీరువాలో పెట్టి ఇరవై ఏళ్ళుగా కట్టని చీరలు నాకూ ఉన్నాయి కాబట్టి ఊరుకున్నాను. అన్నిటికన్నా నాకు వింతగా తోచింది మరమ్మతు విషయం. చిరిగిన పేజీకి మనం వెంటనే టేపు అంటిస్తామా? అంటిస్తే ధర పడిపోతుంది. పోయిన రంగు దిద్దినా అంతే. చిరుగు చిరుగులా ఉంటేనే గౌరవం.

ఈ చిరుగు మీద ఒక ముచ్చట. 2013లో మిన్నెసోటాలో ఒకాయన పాత కొంప ఒకటి పదివేల డాలర్లకి కొని బాగుచేయించుకుంటున్నాడు. చలికి అడ్డుగా గోడలోపల కుక్కిన పాత పేపర్ల మధ్య ‘యాక్షన్’ మొదటి సంచిక కనబడింది. ఆనందం పట్టలేక భార్య తరఫు అత్తగారి వరస ఆవిడ చటుక్కున లాక్కుంది, ఈయన మళ్ళీ లాగాడు. పర్‌ర్‌మని వెనక అట్ట చిరిగింది! ఆ ఒక్క చిరుగుతో ధర వేలకు వేలు పడిపోయిందన్నారు. అయినా 1,75,000 డాలర్లు వచ్చాయి. పెళ్ళివారింట చీర లాగులాట చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు.

2010లో ఇంకో కుటుంబం. అప్పు తీర్చలేక ఇల్లు పోయే పరిస్థితి. ఖాళీ చెయ్యడానికి సామాను సర్దుతుంటే నేలమాళిగలో ఇదే పుస్తకం. అది 4,36,000 డాలర్లకి పోయింది, ఇల్లు నిలిచింది. పేపర్లవాళ్ళకి ఇంకేం కావాలి, సూపర్‌మాన్ ఎగిరొచ్చి కాపాడాడని రాసుకున్నారు.

ఇవన్నీ చూసి, దాస్తే చాలు, బంగారమవుతుందనుకున్నవాళ్ళు బోలెడుమంది మునిగారు. 1992 నవంబరులో సూపర్‌మాన్ చనిపోయినట్టు ఒక సంచిక వేసి, నల్ల ప్లాస్టిక్ కవరులో సీలు చేసి అమ్మారు. జనం వరసల్లో నిలబడి, చదవడానికొకటి, దాచడానికి అయిదు చొప్పున కొన్నారు. పిల్లల చదువులకి పనికొస్తుందని పెట్టెల్లో పెట్టారు. లక్షలకు లక్షలు అచ్చయ్యాయి, లక్షలకు లక్షలూ భద్రంగా ఉన్నాయి. ఇంకెవరికి కావాలి? కొద్ది ఏళ్ళలో ధరలు కుప్పకూలి ఊరూరా కామిక్స్ దుకాణాలు మూతపడ్డాయి. మార్వెల్ లాంటి పెద్ద కంపెనీయే 1996 డిసెంబరులో దివాలా దాఖలు చేసింది. చూశారా, ఆ తరం అమ్మలు ఏదీ పారెయ్యలేదు. పారెయ్యనందుకు దేనికీ ధర లేదు. 1938 నాటి పుస్తకానికి ఇవాళ అంత విలువంటే, అది ఆ తల్లులు చేసిపెట్టిన విలువేనని మా అబ్బాయికి చెప్పాను. వాడు “లాయరు కావలసినదానివి” అన్నాడు.

ఇంతమంది బాగుపడ్డారు సరే, పీట మీద బొమ్మ వేసిన జో, కథ రాసిన జెర్రీ ఏమయ్యారు? కొన్నాళ్ళు పేజీకింతని జీతం దొరికింది. హక్కుల కోసం 1947లో కోర్టుకెక్కితే ఆ పనీ పోయింది. జోకి చూపు మందగించింది. జెర్రీ గుమాస్తా ఉద్యోగంలో చేరాడు. తొలినాళ్ళలో జో బొమ్మ వేసుకోవడానికి ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఒకర్తి ఉండేది, కథలోని విలేఖరి లోయిస్ లేన్‌కి రూపం ఆ పిల్లదే. పేరు జోన్. 1948లో ఆవిడే జెర్రీని పెళ్ళి చేసుకుంది. 1975లో సూపర్‌మాన్ సినిమా తీయబోతున్నారని తెలిసి జెర్రీ పత్రికలకి తన గోడు రాసి పంపాడు. జనం సిగ్గుపడేలా చేశాకే, డిసెంబరులో కంపెనీ ఇద్దరికీ బతికున్నన్నాళ్ళూ ఏటా 20,000 డాలర్లు ఇవ్వడానికీ, పుస్తకాల మీద పేర్లు వెయ్యడానికీ ఒప్పుకుంది. జో 1992లో, జెర్రీ 1996లో పోయారు. జోన్ మాత్రం 2011లో తాను కన్నుమూసేదాకా కూతురితో కలిసి హక్కుల కోసం పోరాడుతూనే ఉంది. ఆ 130 డాలర్లు చెల్లించిన చెక్కు ఎవరో దాచిపెడితే, 2012లో వేలంలో ఆ కాగితం ముక్క ఒక్కటే 1,60,000 డాలర్లకి పోయింది. ఇది చదివిన పూట నాకు అన్నం సహించలేదు.

సినీనటుడు నికొలస్ కేజ్ దగ్గర ‘యాక్షన్’ మొదటి సంచిక ఒకటుండేది, లక్షన్నర డాలర్లకి కొన్నాడని చెబుతారు. 2000లో ఇంటి నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. పదకొండేళ్ళకి సామాన్లు దాచుకునే ఒక అద్దె గదిలో దొరికింది. అదే ఏడు 21,60,000 డాలర్లకి అమ్ముడైంది. మా వాడు ఫోను చేసిన రెండు నెలలకే, 2026 జనవరిలో, ఆ ప్రతే కోటీ 50 లక్షల డాలర్లకి చేతులు మారింది. దొంగ చేతిలో పడ్డ పుస్తకమన్న పేరు దాని ధరని పెంచిందే గాని తగ్గించలేదు.

ఇంతకీ మా అబ్బాయిని పొద్దున్నే లేపి కూర్చోబెట్టిన ఆ 80 కోట్ల పుస్తకం ఎవరిదో చెప్పలేదు కదూ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ముసలావిడది. పనులూ డబ్బూ లేని రోజుల్లో ఆవిడా, ఆవిడ తమ్ముడో అన్నో, పైసా పైసా పెట్టి కొనుక్కున్నవి. యుద్ధం వచ్చినా ఇవ్వలేదు, డాక్టరు చెప్పినా తగలబెట్టలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఇల్లు మారింది, పెట్టె వెంటే వెళ్ళింది. “నా దగ్గర అరుదైన కామిక్స్ ఉన్నాయిరా” అని కొడుకులకి చెబుతూనే ఉండేదట, ఎప్పుడూ చూపించలేదట. ఆవిడ పోయాక, 2024 క్రిస్మస్ రోజుల్లో ముగ్గురు కొడుకులు ఇల్లు సర్దుతూ అటక ఎక్కారు. సాలెగూళ్ళ మధ్య అట్టపెట్టె, పైన పాత పేపర్లు. కింద సూపర్‌మాన్ మొదటి సంచిక, పదికి తొమ్మిది మార్కులు వచ్చే స్థితిలో. అది ఆ ఊరి చల్లదనం చలవే అన్నారు వేలంవాళ్ళు. బెజవాడ ఎండలకీ మన చెదపురుగులకీ అయితే నా ఇడ్లీ రేకులే నయం.

ఆవిడ కథంతా ఫోనులో చెప్పాను. మా అబ్బాయి కాసేపు మాట్లాడలేదు. తరవాత, “అమ్మా, ఇప్పటి ఇంట్లో అటక మీద ఏమున్నాయి?” అన్నాడు.

“పేరయ్యేలా ఏమీ లేవుగాని, నా పాత ట్రంకుపెట్టె ఒకటుంది” అన్నాను.

“అందులో ఏమున్నాయి?”

“వచ్చి చూసుకో” అన్నాను. సంక్రాంతికి టిక్కెట్టు దొరుకుతుందేమో చూస్తానన్నాడు.